పాచికలు, పిశాచాలు, వర్తకులు

తాను చూడని వస్తువును గురించి విమర్శకుడు తీర్పు చెప్పరాదని తరగతిలో యేటా మొదటిరోజునే చెబుతుంటాను. ఆ మాటను నేనే తప్పాను. డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక విద్యార్థి సెమినారుకోసం వ్యాసం రాసి తెచ్చాడు. హాస్టలు గదిలో నలుగురైదుగురు కూర్చుని, పాచికలు వేస్తూ, తలా ఒక పాత్రను ధరించి, తెల్లవార్లూ ఒక కథను నడుపుకునే ఆటను గురించిన వ్యాసం అది. దానిని వీధినాటకంతో పోల్చాడు. నేను మూడు పేజీలు చదివి, అంచున ఎర్రసిరాతో "పలాయనవాదం" అని రాసి తిరిగి యిచ్చివేశాను. అతను వాదించలేదు. ఆ తరవాత నా దగ్గరికి మరో వ్యాసం తేనూ లేదు.

యీ వ్యాసాన్ని ఆ ఒక్క మాటకు సంజాయిషీ అనుకున్నా నాకు అభ్యంతరం లేదు. మన సంఘంలోని మిత్రులు కొందరు యీ ఆటలను "డబ్బున్న దేశాల పిల్లల కాలక్షేపం" అని తోసిపారేస్తున్నారు. పిల్లలేమో ఆడుతూనే వున్నారు. మన పిల్లలు గంటలకొద్దీ దేనికి మనసు యిచ్చి కూర్చుంటున్నారో తెలుసుకోకుండా వాళ్ళ చైతన్యాన్ని గురించి మనం వుపన్యాసాలు యెలా యివ్వగలం?

2025 వేసవి సెలవుల్లో బర్మింగ్‌హామ్‌లో వుంటున్న మా అక్కయ్యగారింటికి వెళ్ళాను. అక్కడి నేషనల్ ఎగ్జిబిషన్ సెంటర్‌లో మూడురోజులపాటు ఆటల తిరనాళ్ళు జరిగింది. దానిని యుకె గేమ్స్ ఎక్స్‌పో అంటారు, 2007లో మొదలైంది. మా మేనల్లుడు నన్ను బలవంతాన లాక్కుపోయాడు. "మామయ్యా, నువ్వు కథల పంతులువు కదా, ఒకసారి కథలోకి దిగి చూడు" అన్నాడు. కోటప్పకొండ తిరనాళ్ళకు పోయినవాడికి ఆ రద్దీ కొత్తగా వుండదు. అమ్మకాల బారులు, బారుల వెంట జనం, సంచులు నిండా పెట్టెలు. లోపలికి పోవడానికి ఒక టిక్కెట్టు, బల్ల దగ్గర కూర్చుని ఆడడానికి వేరే టిక్కెట్టు. సరుకు గురించి యింతకన్న చెప్పవలసిందేమీ లేదు. పెట్టుబడి వున్నచోట పిల్లల ఆట కూడా సరుకే అవుతుందన్నది మనకు కొత్తగా తెలిసిన సత్యం కాదు.

ఆటలు జరిగే బల్లలు పక్కనున్న హోటల్‌లో వేశారు. మా బల్ల దగ్గర ఆరుగురం. ఆట నడిపే ఆయన – ఆయన్ను సూత్రధారి అందాం, మన నాటకపరిభాషలో అంతకన్న సరియైన మాట లేదు – యాభైయేళ్ళు దాటిన మనిషి. రైల్వేలో పనిచేసి రిటైరైన ఒకాయన, ఒక నర్సు, పద్దెనిమిదేళ్ళుంటాయేమో ఒక అమ్మాయి, మా మేనల్లుడు, నేను. నాలుగు గంటల కథ. ఆట పేరు వార్‌హామర్ ఫాంటసీ రోల్‌ప్లే.

యీ ఆటకు ఒక వంశావళి వుంది. అది తెలియకపోతే దాని స్వభావం తెలియదు. 1824లో ప్రష్యా సైన్యంలోని ఒక యువ అధికారి, జార్జ్ హైన్‌రిష్ ఫాన్ రైస్విట్జ్, తన తండ్రి మొదలుపెట్టిన ఒక యుద్ధక్రీడను పరిష్కరించి ప్రచురించాడు. పటాల మీద దళాలను జరుపుతూ, పాచికలతో నష్టాలను లెక్కగడుతూ, నడుమ ఒక మధ్యవర్తి తీర్పులు చెబుతూ అధికారులకు యుద్ధం నేర్పే సాధనం అది. అంటే మా సూత్రధారి ముత్తాత ఒక సైనిక మధ్యవర్తి. 1913లో హెచ్. జి. వెల్స్ – సోషలిస్టునని చెప్పుకున్న వెల్స్ – బొమ్మసైనికులతో ఆడుకునే నియమాలు రాసి "లిటిల్ వార్స్" అనే పుస్తకంగా వేశాడు. నిజమైన యుద్ధంకన్న యిది యెంతో మేలని వాదించాడు. మరుసటి యేడు నిజమైన యుద్ధమే వచ్చింది. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే యిద్దరు దళాలను వదిలి ఒక్కొక్క మనిషిని పట్టుకున్నారు. అలా "డంజన్స్ అండ్ డ్రాగన్స్" పుట్టింది. వీరుడు బిలంలోకి దిగుతాడు, అక్కడున్నవాళ్ళను చంపుతాడు, బంగారం పైకి తెస్తాడు. ఆ బంగారం యెంత తెస్తే అంత అనుభవం అతని ఖాతాలో జమ అవుతుందని తొలి నియమం. దోపిడీని అనుభవంగా జమకట్టే యీ చిట్టాను వలసపాలన చవిచూసిన జాతివాళ్ళం మనం వెంటనే గుర్తుపట్టగలం.

వార్‌హామర్ పుట్టుక వేరు. అది 1986లో ఇంగ్లండులో వచ్చింది. గనికార్మికుల మహాసమ్మె 1985 మార్చిలో ఓడిపోయి యేడాది గడిచిన కాలం. దానిని ప్రచురించిన గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ కేంద్రం నాటింగ్‌హామ్. ఆ జిల్లా గనుల్లోనే సమ్మె చీలిపోయింది. ఆ ఓటమిని గురించి యీ పుస్తకం రాశారని నేను అనను. అలా అనడానికి నా దగ్గర ఆధారం లేదు. రచయితలు యెప్పుడూ తమ కాలపు గాలి పీలుస్తారనే మాట మాత్రం అంటాను. యీ కథాలోకంలో వీరులు లేరు. పాత జర్మన్ సామ్రాజ్యాన్ని పోలిన ఒక సామ్రాజ్యం, బురదవీధులు, అంటురోగాలు, సుంకాలు, కుళ్ళిపోయిన కొలువులు. ఆటగాడికి దక్కేది రాజకుమారుడి వేషం కాదు. పడవవాడు, సమాధులు దోచేవాడు, బిచ్చగాడు, పల్లెటూరి మంత్రగత్తె – యిలాంటివి. అమెరికన్ ఆటలో మనిషికి ఖడ్గం వుంటుంది, యిందులో మనిషికి వృత్తి వుంటుంది. అతని దగ్గర వున్న వస్తువులు, అతనికి తెలిసిన విద్యలు, అతను యెవరిముందు నోరెత్తగలడు అన్నవన్నీ ఆ వృత్తిని బట్టే నిర్ణయమవుతాయి. మేము ఆడిన నాలుగవ కూర్పు – 2018లో క్యూబికల్ సెవెన్ అనే సంస్థ వేసింది – మనుషులను ఇత్తడి, వెండి, బంగారం అని మూడు అంతస్తులుగా బాహాటంగా విభజించింది. ఆ లోకపు నాణాలూ అవే. పన్నెండు ఇత్తడి పెన్నీలు ఒక వెండి షిల్లింగు, యిరవై షిల్లింగులు ఒక బంగారు క్రౌను. సాంఘిక వాస్తవికత పేరుతో అచ్చవుతున్న మన నవలలు చాలావాటిలో కథానాయకుడు యేం చేసి బతుకుతాడో చివరిదాకా తెలియదు. ఆ మాట యిక్కడ అనకుండా వుండలేను.

పాచికలు వేశాను. ఎలుకలు పట్టేవాడి వృత్తి పడింది. వొడిసెల, గోనెసంచి, చిన్నదైనా మహాకోపిష్టి కుక్క ఒకటి నా ఆస్తి. బల్ల చుట్టూ అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. యీ ఆటలో ఎలుకలవాడు ప్రసిద్ధుడట.

అప్పుడు సూత్రధారి ఒక నియమం చెప్పాడు. పడినదాన్ని పడినట్టు అంగీకరిస్తే యాభై అనుభవపు పాయింట్లు వస్తాయి. మూడుసార్లు వేసి నచ్చినది యేరుకుంటే యిరవైఐదు. నేరుగా కావలసిన వృత్తి తీసుకుంటే సున్న. నేను కాసేపు ఆ కాగితం వంక చూస్తూ వుండిపోయాను. మన యిళ్ళలో వైకుంఠపాళి ఆడేవాళ్ళం. అందులో నిచ్చెనలు పుణ్యాలు, పాములు పాపాలు. కాని పాపమైనా పుణ్యమైనా చేసేది మనం కాదు, గవ్వలే. కర్మసిద్ధాంతాన్ని అంత నిజాయితీగా ఒప్పుకున్న పటం మరొకటి లేదు. యీ ఇంగ్లీషు ఆట మరో అడుగు ముందుకు వేసింది. పుట్టుకను మారుమాట లేకుండా తలకెత్తుకున్నవాడికి బహుమానం యిస్తున్నది! మనుస్మృతి అంతటిది కూడా యింత సూటిగా బేరం పెట్టలేదు. మనుషులు పేదవృత్తులు కూడా ఆడాలని ఆశచూపడం యీ నియమం వుద్దేశమని మా మేనల్లుడు సమర్థించాడు. లేకపోతే అందరూ మంత్రవేత్తలే అవుతారట. వుద్దేశం మంచిదే. కాని రూపం తనదైన అర్థాన్ని తాను పలుకుతుంది, రచయిత వుద్దేశంతో దానికి నిమిత్తం లేదు.

నేను యాభై పాయింట్లూ పుచ్చుకున్నాను.

కథ యిది. నదివొడ్డున ఒక చిన్న పట్నం. పంట సరిగా రాలేదు. ధాన్యం వర్తకుల గోదాములు మాత్రం నిండుగా వున్నాయి, తలుపులు మూసి వున్నాయి. మూటలు మోసే కూలీలు రాత్రిళ్ళు కనపడకుండా పోతున్నారు. గోదాములో ఎలుకలు పెరిగాయని నన్ను పిలిచారు. తక్కినవాళ్ళు నా వెంట వచ్చారు: రైల్వే పెద్దాయన పడవవాడు, నర్సు మందులమ్మే మనిషి, మా మేనల్లుడు చదువు మానేసిన విద్యార్థి, ఆ అమ్మాయి బిచ్చగత్తె.

బొరియల్లోంచి ఎలుకల్ని యెలా పడతావని సూత్రధారి అడిగాడు. నేను తడుముకోకుండా చెప్పాను. మా కృష్ణాతీరంలో మాసూళ్ళ తరవాత యానాదులు వస్తారు. చిల్లు పెట్టిన కుండలో గడ్డి కుక్కి, నిప్పు పెట్టి, కుండ మూతిని బొరియకు ఆనించి పొగ వూదుతారు. రెండో బొరియ దగ్గర ఒకడు కాచుకుని వుంటాడు. ఎలుకలు పట్టినందుకు కూలి వేరే. బొరియల్లో అవి దాచుకున్న వడ్లు కూడా వాళ్ళకే. బల్ల చుట్టూ అందరూ కన్నార్పకుండా విన్నారు. సూత్రధారి ఆనందించి, పాచికలు వేయనక్కర లేదు, పని జరిగింది పొమ్మన్నాడు. నేను పొంగిపోయాను. ఆ రాత్రి పడుకోబోతూ వుంటే మాత్రం వేరొకటి గుర్తుకు వచ్చింది. చిన్నప్పుడు మా గాదె దగ్గర పొగ వూదిన ఆ మనిషికి మా నాయనమ్మ మంచినీళ్ళు పైనుంచి దోసిట్లో పోసేది. అతని పేరు నాకు తెలియదు. అతని విద్యను పరాయిదేశంలో నా విద్యగా చెప్పి మెప్పు పొందాను.

ఆటలోకి వస్తాను. నేలమాళిగ తలుపు దగ్గర గుమాస్తా నన్ను ఒంటరిగా కలుసుకున్నాడు. లోపల ఎలుకలు తప్ప మరేమీ లేవని నీ వాళ్ళతో చెప్పు అన్నాడు. పది బంగారు క్రౌన్లు లెక్కపెట్టాడు. రెండువేల నాలుగువందల పెన్నీలు. సూత్రధారి నావైపు వంగి, "యేం చేస్తావు?" అన్నాడు.

పుచ్చుకున్నాను. యెందుకు? కథకు పాకం వస్తుందని నాకు నేను చెప్పుకున్నాను. ఎలుకలు పట్టేవాడు అంతకన్న యేం చేస్తాడులే అని కూడా అనుకున్నాను. చూడండి, పదిహేనేళ్ళుగా నిబద్ధతను గురించి చదువుతూ రాస్తూ వున్నవాడు, బీదవాడి వేషం వెయ్యగానే మొదట వేసిన అంచనా – వీడు అమ్ముడుపోతాడు అని! ఆ అంచనా పుస్తకంలో లేదు. పాచికల్లో లేదు. నేను యింటినుంచి తెచ్చుకున్నాను. సాహిత్యంలో పాఠకుడు యిలా పట్టుబడడు. గిరీశాన్ని చూసి మనం నవ్వుతాం, అసహ్యించుకుంటాం. మనలోని గిరీశం నోరు విప్పకుండా కూర్చునే వుంటాడు. యీ ఆటలో "యేం చేస్తావు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పి తీరాలి, నలుగురు వింటూ వుంటారు.

నా మాట నమ్మి బిచ్చగత్తె మాళిగలోకి దిగింది. అక్కడ ఎలుకలు కాదు, పోయిన కూలీల శవాలున్నాయి; వాటి నడుమ వర్తకులు పిలిపించుకున్న ఒక పిశాచం వుంది. ఆమెను పైకి లాగడానికి చెయ్యి అందించాను. ముప్ఫైనాలుగు లోపల పడాలి, ఎనభైమూడు పడింది. అప్పుడు సూత్రధారి గొంతు తగ్గించి, కావాలంటే మరోసారి వెయ్యవచ్చునన్నాడు, ఒక చీకటిబేరానికి వొప్పుకుంటే. యీ కూర్పులోని ప్రసిద్ధ నియమం యిది. పాచిక తిరిగి వేసే అవకాశం కోసం మనిషి తెలిసి తెలిసి ఒక పాలు కళంకం తలకెత్తుకోవచ్చు. కళంకం మితిమీరితే శరీరమో మనస్సో వికృతమైపోతుంది. నేను వొప్పుకున్నాను. ముప్ఫైఒకటి పడింది. ఆమె బతికింది. నా కాగితం మీద కళంకం గడిలో ఒక గీత పడింది.

యిక్కడ నా విమర్శ మొదలవుతుంది. ఒక మనిషిని కాపాడినందుకు నాకు కళంకం. లంచం పుచ్చుకుని ఆమెను మాళిగలోకి పంపినందుకు యేమీ లేదు! యీ ఆటలో కళంకం ప్రధానంగా అతీతశక్తి స్పర్శవల్ల వచ్చేది. పిశాచాన్ని చూస్తే వస్తుంది, శాపగ్రస్తమైన రాయి పట్టుకుంటే వస్తుంది. గోదాము తలుపు మూసి ధరకోసం కాచుకున్న వర్తకుడికి, పిశాచాన్ని పిలిచేదాకా, యే కళంకమూ లేదు.

యిది మా బల్ల దగ్గరి సూత్రధారి లోపం కాదు, యీ కథాలోకపు మూలంలోనే వున్నది. 1987లో గ్రేమ్ డేవిస్, జిమ్ బాంబ్రా, ఫిల్ గాలగర్ రాసిన "షాడోస్ ఓవర్ బోగెన్‌హాఫెన్" అనే కథ యీ ఆటకు మకుటం వంటిదంటారు. తిరిగి వచ్చాక తెప్పించి చదివాను. బోగెన్‌హాఫెన్ ఒక వర్తకపట్నం. నాలుగు కుటుంబాలు దానిని యేలుతున్నాయి. పాలకసభ, న్యాయం, కాపలాభటులు అన్నీ వాళ్ళ గుప్పిట్లోనే. ఆటగాళ్ళు వీధిమనుషులు గనుక వాళ్ళ ఫిర్యాదు యే అధికారీ వినడు. వర్గస్వభావం గల రాజ్యాంగయంత్రం యెలా పనిచేస్తుందో యింత చురుకుగా చూపిన వినోదరచన అరుదు. పెద్దవర్తకులు ఒక రహస్యసంఘంగా కూడి తంతు జరపబోతారు. దానివల్ల వ్యాపారం వర్ధిల్లుతుందని వాళ్ళ నమ్మకం. యింతవరకు వచ్చి రచయితలు చేతులు వణికి ఆగిపోయారు. వాళ్ళ నాయకుడు ట్యూగెన్ తన ఆత్మను ఒక పిశాచానికి కుదువపెట్టాడట; దాని గడువు తీరవస్తున్నదట; తక్కినవాళ్ళు మోసపోయారట! నాలుగు కుటుంబాల దోపిడీ ఒక్క మనిషి పాపమైపోయింది, ఆ పాపం ఒక పిశాచం పనైపోయింది. పిశాచాన్ని ఆపితే పట్నం బతుకుతుంది. బతికిన పట్నంలో యెవరు యేలుతారు? మళ్ళీ వర్తక కుటుంబాలే. ఆ ప్రశ్న కథకు లేదు.

కల్పన వున్నందువల్ల యీ లోపం వచ్చిందనుకుంటే పొరపాటు. కొడవటిగంటి కుటుంబరావుగారు 1952నుంచి 1980లో కన్నుమూసేదాకా చందమామలో పనిచేశారు. మన అభ్యుదయసాహిత్యంలో అంతటి హేతువాది, రాక్షసుల కథలు మాంత్రికుల కథలు దిద్ది పిల్లలకు అందించారు. కల్పనకు ఆయన భయపడలేదు. రాక్షసుణ్ణి రాక్షసుడిగా వుంచితే పిల్లవాడికి నష్టం లేదు. వడ్డీవ్యాపారి పాపాన్ని రాక్షసుడి మెడకు కట్టినప్పుడే నష్టం.

కల్పనలో మరో దారి కూడా వుంది, అది యింకా చీకటిది. స్వీడన్‌లో పెల్లె నిల్సన్ రాసి యోహాన్ నోర్ బొమ్మలు వేసిన "మోర్క్ బోర్గ్" అనే పసుపుపచ్చ అట్టల పుస్తకాన్ని మేనల్లుడు చూపించాడు. 2020లో ఇంగ్లీషులో వచ్చింది. అందులో ప్రతి తెల్లవారుజామున పాచిక వేస్తారు. వొకటి పడినప్పుడల్లా ఒక అరిష్టం నిజమవుతుంది. యేడో అరిష్టంతో లోకం ముగుస్తుంది, పుస్తకం తగలబెట్టమని ఆదేశం. అందంగా వుంది, వొప్పుకుంటాను. కాని లోకం యెలాగూ పోతుందన్నవాడికి గోదాము తాళం యెవరి దగ్గరుందో పట్టదు. ఆ మాత్రం పట్టింపు వార్‌హామర్‌కు వుంది గనుకనే దానితో యింత జగడం పెట్టుకుంటున్నాను.

నా విద్యార్థి వాదం దగ్గరికి వస్తాను. అతను వీధినాటకంతో పోల్చాడు. నేను బుర్రకథతో పోలుస్తాను. కథకుడికి అటూ యిటూ వంతలు. ఒకడు హాస్యం, ఒకడు రాజకీయం. కథ ఆపి ప్రశ్నిస్తారు, యెగతాళి చేస్తారు, సభలో కూర్చున్నవాడి సందేహాన్ని తమ నోట పలుకుతారు. ప్రజానాట్యమండలి ఆ రూపాన్ని అందుకే చేతికెత్తుకుంది. కాశీమజిలీ కథల్లో కూడా మణిసిద్ధుడు కథ చెప్పేది గోపకుమారుడు అడుగుతాడు గనుకనే. ప్రశ్నించే శ్రోత మన సంప్రదాయంలో వున్నాడు. యీ ఆటలో ఆ శ్రోత కథను మళ్ళించగలడు కూడా. అది చిన్న సంగతి కాదు. చిక్కు యెక్కడంటే, లోకం పుస్తకంలో ముందే అచ్చయి వుంటుంది. ఆ లోకానికి హక్కుదారు ఒక కంపెనీ. గేమ్స్ వర్క్‌షాప్ 2024 డిసెంబరులో లండన్ స్టాక్ ఎక్స్ఛేంజిలోని నూరు పెద్ద కంపెనీల సూచీలోకి చేరింది. బురదవీధుల ఎలుకలవాడు, అతని కుక్క, ఆ సూచీలో ఒక పాలు.

అయితే ఆ బల్ల దగ్గర పుస్తకంలో లేనిది ఒకటి జరిగింది. పైకి వచ్చిన బిచ్చగత్తె – ఆ అమ్మాయి – నావైపు తిరిగి, "లోపల యేముందో నీకు ముందే తెలుసా?" అని అడిగింది. ఇంగ్లీషులో నువ్వు, మీరు అనే తేడా లేదు. నాకు "నువ్వు" అనే వినిపించింది. అబద్ధమాడవచ్చు. పాచిక వేసి ఆ అబద్ధాన్ని నెగ్గించుకోవడానికి ప్రయత్నించవచ్చు. నేను పాచిక అందుకున్నాను. సూత్రధారి తల అడ్డంగా వూపాడు. "పాచిక వద్దు. ఆమెకు జవాబు చెప్పు" అన్నాడు. చెప్పాను. యెంత పుచ్చుకున్నావని రైల్వే పెద్దాయన అడిగాడు. పది అన్నాను. ఆయన తన కాలంలో యూనియన్ మనిషట. ఆ తరవాత ఆటలో నాతో ఒక్క మాట మాట్లాడలేదు, నా పక్కన కూర్చుని నా కప్పులో టీ పోస్తూ కూడా.

నాలుగు గంటలూ అయిపోయాయి. కూలీలను కూడగట్టి గోదాము తలుపులు పగలగొట్టాలని ఆ అమ్మాయి ప్రతిపాదించింది. నర్సు, పెద్దాయన సరేనన్నారు. పుస్తకంలో అటువంటి ముగింపు లేదని సూత్రధారి నవ్వాడు, అయినా రాసుకున్నాడు. తరవాతి జట్టు బల్లకోసం వచ్చి నిలబడడంతో అది అక్కడే ఆగింది.

తిరిగి వచ్చాక ఆ విద్యార్థి నంబరు సంపాదించి ఫోన్ చేశాను. డిగ్రీ అయిపోయింది, హైదరాబాదులో యేదో వుద్యోగం. అతని వ్యాసం మీద నేను రాసిన మాట తప్పని చెప్పాను. వ్యాసం వుంటే పంపమన్నాను. పారేశానండి అన్నాడు. తరవాత ఆట సంగతంతా చెప్పించుకుని విన్నాడు. చివరికి, "ఆ పది క్రౌన్లు యేం చేశారు సార్?" అన్నాడు.

కాగితం నా బల్లసొరుగులో వుంది. కళంకం గడిలో ఒక గీత. డబ్బు గడిలో పెన్సిలుతో పది.